భరించు, బేర్: ఒక క్రియ చుట్టరికం

ఈ మెల్‌బోర్న్ నేల అసలు వారసులైన వురుండ్జెరి పెద్దలకు ముందుగా నమస్కారం.

ఎవరి జ్ఞాపకార్థం ఈరోజు కలుసుకున్నామో ఆ మాస్టారు ఆదివారాలు మన పిల్లలకు తెలుగు చెప్పేవారు. ఒకసారి ఒక అమ్మాయి, "మాస్టారూ, ఇంట్లో ఖర్చు భరించాలి అంటారు, బళ్లో బేర్ ద కాస్ట్ అంటారు. రెండూ ఒకటేనా?" అని అడిగింది. "అవునమ్మా, కానీ కథ పెద్దది" అన్నారాయన. ఆ కథే ఈ ఉపన్యాసం.

పాత జర్మానిక్ భాషలు వేటిలో చూసినా ఈ క్రియ ఉంది. నాలుగో శతాబ్దంలో వుల్ఫిలా బైబిలును అనువదించిన గోతిక్‌లో ఇది బైరన్. పాత ఇంగ్లీషులోనూ, పాత జర్మన్‌లోనూ బెరన్. పాత నార్స్‌లో బెర. మోయడం, ఓర్చుకోవడం, బిడ్డను కనడం అన్నీ దీని అర్థాలే. మనకిది వింతేమీ కాదు, మన తల్లి కూడా నవమాసాలు మోసి కన్నదే కదా. ఇంగ్లీషులో దీని సంతానం చాలా పెద్దది: పుట్టుకకు బర్త్, బరువుకు బర్డెన్, స్కాట్లాండు వాళ్ల నోట బిడ్డకు బెయిర్న్, తోటపని తోపుడుబండికి వీల్‌బారో, చివరికి శవాన్ని మోసే పాడెకు బియర్. పురిటి మంచం నుంచి పాడె దాకా మనిషిని ఒకే ధాతువు మోస్తోంది. నేటి జర్మన్‌లో మాత్రం మోత పని వేరే క్రియకు పోయి, దీనికి కాన్పు ఒక్కటే మిగిలింది.

సంస్కృతంలో దీని తోబుట్టువు భృ ధాతువు. భారం, భరణం, భర్త, భార్య, భృత్యుడు, అన్నీ అక్కడివే. పోలికను చూసి చుట్టరికం కలపడం లేదు. 1822లో యాకోబ్ గ్రిమ్ చూపించిన సూత్రం ఉంది: సంస్కృతంలో భ ఉన్నచోట జర్మానిక్‌లో బ, ప ఉన్నచోట ఫ, ద ఉన్నచోట ట. భ్రాతకు బ్రదర్, పాదానికి ఫుట్, దంతానికి టూత్. ఈ వరుసలోనే భరతికి బెరన్. అచ్చుల మార్పు కూడా కలిసివస్తుంది. భరతి, భృత అని మనం నేర్చుకున్న మార్పే బేర్, బోర్న్‌లలో కనిపిస్తుంది. భృతలోని ఋకారమూ బోర్న్‌లోని ఓకారమూ ఒకే మూలం నుంచి వచ్చాయి. నాకైతే ఇది ఇప్పటికీ ఒళ్లు పులకరించే సంగతి.

సూత్రం లేని పోలిక ఎంత మోసం చేస్తుందో ఈ దేశమే నేర్పింది. 1960లలో ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో భాషావేత్త ఆర్.ఎం.డబ్ల్యు. డిక్సన్, ఎంబాబరమ్ భాష తెలిసిన ఆల్బర్ట్ బెన్నెట్‌ను కుక్కను ఏమంటారని అడిగాడు. వచ్చిన జవాబు "డాగ్"! అరువు మాటేమో అనిపిస్తుంది, కాదు. పొరుగున ఉన్న యిడిన్ భాషలో కుక్క పేరు గుడగ. ఎంబాబరమ్‌లో మొదటి అక్షరం రాలిపోయి, నడిమి అకారం ఒకారమై, చివరి అచ్చు పోయి అది డాగ్ అయింది. ఇంగ్లీషు డాగ్‌తో దానికి ఏ సంబంధమూ లేదు.

మరి మన భరించు సంగతి? అది సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాట. బేర్‌తో దాని చుట్టరికం నిజమే కానీ, అది పుట్టింటివారి తరఫు బంధుత్వం. మన సొంత క్రియల పుట్టిల్లు వేరు. ఆ తేడా తేలింది 1816లో. ఆ ఏడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫ్రాంజ్ బాప్ సంస్కృత, గ్రీకు, లాటిన్, పారశీక, జర్మానిక్ క్రియారూపాలను పోల్చి పుస్తకం వేశాడు. అదే ఏడు మద్రాసులో క్యాంబెల్ తెలుగు వ్యాకరణం వెలువడింది. దాని పీఠికలో ఎల్లిస్ అనే పండితుడు తెలుగు, తమిళ, కన్నడ భాషల ధాతువులు ఒక్కటేననీ, అవి సంస్కృతం నుంచి పుట్టలేదనీ నిరూపించాడు. 1961లో భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగు ధాతువుల మీద రాసిన గ్రంథం ఆ దారికి రాజబాట వేసింది.

ఆ దారిలో ఒక అందమైన మలుపు ఉంది. కన్నడం కెడు అంటే మనం చెడు అంటాం. వాళ్లది కివి, మనది చెవి. ఇ, ఎ ల ముందు కకారం తెలుగులో చకారమైంది. ఇంగ్లీషులోనూ ఇలాగే జరిగింది. నమలడాన్ని జర్మన్లు కావెన్ అంటారు, ఇంగ్లీషువాళ్లు చ్యూ అంటారు. జర్మన్ గడ్డం కిన్, ఇంగ్లీషు గడ్డం చిన్. రెండు కుటుంబాలకూ రక్తసంబంధం లేదు, కానీ మనిషి నాలుక ఒక్కటే.

చివరిగా ఒకావిడను తలుచుకుంటాను. లూయిజ్ హెర్కస్ 1926లో మ్యూనిక్‌లో పుట్టారు. నాజీల కాలంలో కుటుంబంతో ఇంగ్లండుకు, తర్వాత ఆస్ట్రేలియాకు వచ్చారు. ప్రాకృతాల పండితురాలు, కాన్‌బెర్రాలో జాతీయ విశ్వవిద్యాలయంలో సంస్కృతం చెప్పారు. 1960లలో టేపురికార్డరు పట్టుకుని ఈ విక్టోరియా పల్లెల్లో, దక్షిణ ఆస్ట్రేలియా ఎడారి అంచుల్లో ఆదివాసీ పెద్దల ముందు కూర్చున్నారు. గోతిక్ మాట్లాడేవాళ్లు ఎప్పుడో పోయినా, రాతప్రతులు మిగిలాయి కాబట్టే బైరన్ మనకు తెలిసింది. ఇక్కడి పెద్దల మాటలకు అలాంటి ప్రతులు లేవు. విక్టోరియా భాషల మీద 1969లో వేసిన పుస్తకానికి ఆమె "ఆలస్యపు సర్వే" అని ఉపశీర్షిక పెట్టుకున్నారు. 2018లో ఆమె కన్నుమూశారు. ఆ టేపులు వింటూ ఆ పెద్దల వారసులు ఇప్పుడు తమ క్రియలను మళ్లీ పలకడం నేర్చుకుంటున్నారు.