అన్నం తిన్నాక ఒక కథ

(ఆదివాసీ దినోత్సవ సభలో మాట్లాడింది)



ఆగస్టు 9న మనం జెండా ఎగరేస్తాం, ర్యాలీ తీస్తాం, జల్ జంగల్ జమీన్ అంటాం. అవన్నీ కావాల్సిందే. నేను మాత్రం ఈ రోజు కథల గురించి మాట్లాడతా.

నన్ను ఆరేళ్లప్పుడు హాస్టల్‌లో వేశారు. గోండి తప్ప ఇంకో భాష రాదు. సార్ తెలుగులో ఏదడిగినా తల దించుకొని నిలబడేవాణ్ణి. మొద్దు అని పేరు పెట్టారు. పగలంతా మౌనం, రాత్రి ఏడుపు. ఏడో తరగతి అన్న ఒకాయన, లైట్లు తీసేశాక పక్కన పడుకొని గోండిలో నక్క కథ చెప్పేవాడు. అప్పుడు నిద్ర పట్టేది. తర్వాత ఆ అన్నే నా తెలుగు వాచకం గట్టిగా చదివి, గోండిలో విడమర్చి చెప్పడం మొదలుపెట్టాడు. ఒకరోజు పాఠంలో 'ఏరు' అని వచ్చింది. మనకు 'ఏర్' అంటే నీళ్లు కదా! తెలుగులో అది వాగు అని అన్న చెప్పాడు. మా ఇంటి మాట పుస్తకంలో కనపడ్డ ఆ రోజే నాకు అక్షరాల భయం పోయింది. ఇయ్యాల నేను డిగ్రీ పాసయ్యానంటే నా మొదటి గురువు ఆ అన్నే.

మనకు కథలకు కొదవ లేదు. పర్ధాన్లు, తోటీలు కిక్రి వాయిస్తూ మన పుట్టుక కథలు పాడతారు. నార్నూర్ మండలం గుంజాలలో మన లిపిలో రాతప్రతులు దొరికాయి. 2018లో ఆ లిపి యూనికోడ్‌లోకి ఎక్కింది. 1943లోనే మార్లవాయిలో గోండు యువకులకు టీచర్ శిక్షణ మొదలైంది. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు ఉండాలని రాజ్యాంగం 350ఎ అధికరణం అంటోంది. దాని కోసం కొట్లాడదాం. కానీ జీవో వచ్చేదాకా పిల్లల వయసు ఆగదు కదా!

అందుకే మా గూడెంలో రాత్రి అన్నం తిన్నాక అరగంట కూర్చుంటున్నాం. ఒక అవ్వ గోండిలో కథ చెప్తది. మేం తెలుగు అక్షరాల్లో గోండి రాసుకుంటాం. మర్నాడు పిల్లలు దాన్ని గట్టిగా చదువుతారు. తప్పు చదివితే అవ్వ ఆపి దిద్దుతది. ఆమెకు చదువు రాదు, అయినా అక్కడ టీచర్ ఆమే.

మొన్న అడవిలో తప్పిపోయిన దూడ కథ చదివాం. సెలవులకు వచ్చిన ఒక పాప, "హాస్టల్‌లో నాకూ అట్లనే అనిపిస్తది" అంది. అంతకుముందు వాళ్లమ్మ ఎన్నిసార్లు అడిగినా "మంచిగనే ఉన్న" అనేది. కథ అన్ని బాధలకూ మందు కాదు. మరీ కుంగిపోయిన వాళ్లను డాక్టర్‌కు చూపించాలి, 14416 టెలీ మానస్‌కు ఫోన్ చేయాలి. అయితే బాధ బయటపడితేనే కదా మనకు తెలిసేది! ఆ మొదటి మాటకు కథ దారి తీస్తది.

మా అవ్వ పోయినప్పుడు ఆమె కథల్లో సగం కూడా నేను రాసుకోలేదు. ఎప్పుడూ ఉంటదిలే అనుకున్నా. మీకు అట్లా కావద్దు. ఈసారి ఇంటికి పోయినప్పుడు ఒక్క కథ రాసుకోండి. పక్కింటి పిల్లను కూర్చోబెట్టుకొని గట్టిగా చదివి వినిపించండి. తర్వాత పుస్తకం ఆ పిల్ల చేతికే ఇవ్వండి.

జై ఆదివాసీ!