ఎవరి గంటలో నేర్చుకోవాలి?

(ప్రొద్దుటూరులో జరిగిన శ్రామిక మహిళల, ఉద్యోగినుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



'ఆన్‌లైన్ శిక్షణ – ఉద్యోగినుల నైపుణ్యాలు' అన్న విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఆ మాట వినగానే నాకు కంప్యూటరు గుర్తుకు రాలేదు. ఈ ఊళ్లోని ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ గుర్తుకొచ్చింది. 1990ల మధ్యలో, నేను పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న ఎండాకాలం, మా చిన్నమ్మతోపాటు నేనూ టైపు లోయర్ నేర్చుకోవడానికి పోయేదాన్ని. మేడ మీద ఇరుకు గది. పది పన్నెండు మిషన్లు. క్లాసు ఒక గంట. పోవడానికి పావుగంట పట్టేది, రావడానికి ముప్పావుగంట పట్టేది. మిగిలిన అరగంట ఎక్కడికి పోయిందని మా అవ్వ రోజూ అడిగేది. ఏ బ్యాంకు పరీక్షకు నోటిఫికేషన్ పడింది, ఏ షాపులో లెక్కలు రాసే అమ్మాయికి ఎంత జీతమిస్తున్నారు, ఏ యజమాని దగ్గర జాగ్రత్తగా ఉండాలి – ఇవన్నీ మా చిన్నమ్మ ఆ అరగంటలోనే తెలుసుకునేది. లోయర్ సర్టిఫికెట్ ఇప్పటికీ ఆమె బీరువాలో ఉంది. ఉద్యోగం మాత్రం ఆ అరగంటే తెచ్చిపెట్టింది.

ఇప్పుడు శిక్షణ ఫోన్లోకి వచ్చింది. టీచర్లకు 2017లో 'దీక్ష' వచ్చింది. 2019లో ముఖాముఖిగా మొదలైన 'నిష్ఠ' శిక్షణ, కోవిడ్ వల్ల 2020 అక్టోబరు నుంచి ఆన్‌లైన్ అయింది. అదే సంవత్సరం కేంద్రం 'మిషన్ కర్మయోగి'ని ఆమోదించి, ఉద్యోగులు ఎప్పుడైనా, ఎక్కడైనా నేర్చుకోవచ్చంది. అంగన్‌వాడీ టీచర్లకు 2018లో పోషణ్ అభియాన్ కింద 21 మాడ్యూళ్ల శిక్షణ పెట్టి, దాన్ని ఆన్‌లైన్‌లో చదివి పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకునే ఏర్పాటు చేశారు. ప్రైవేటులోనూ అంతే. ఈ ఊరి బంగారు అంగళ్లలో, బట్టల షోరూముల్లో పనిచేసే అమ్మాయిలకూ ఇప్పుడు వాట్సాప్‌లో లింకు వస్తోంది.

నేను దీనికి వ్యతిరేకిని కాదు. జమ్మలమడుగు దగ్గర ఒక అంగన్‌వాడీ టీచరు నాతో అన్న మాట చెప్తాను. "మేడం, మీటింగులో సారు ఒక్కసారే చెప్పి పోతాడు. అర్థం కాలేదంటే అందరూ నవ్వుతారు. ఫోన్లో అయితే పదిసార్లు చూసుకోవచ్చు, ఎవరూ నవ్వరు." ఇది చిన్న విషయం కాదు. తెలియదని నలుగురిలో ఒప్పుకోవాల్సిన అవమానం ఎప్పుడూ ఆడవాళ్లకే, అందులోనూ కింది కులాల ఆడవాళ్లకే ఎక్కువగా ఉంటుంది. పులివెందులలో బట్టలు కుట్టే పనికి పోయే ఒక అమ్మాయి ఓవర్‌లాక్ మిషన్‌కు దారం ఎక్కించడం వీడియో చూసి నేర్చుకుంది. లైనులో ఆ పని నేర్పమంటే ఎవరికీ తీరిక లేదట. నేర్చుకున్నాక మిషన్ ఆగితే మెకానిక్ వచ్చేదాకా కూర్చుని మాటలు పడే బాధ తప్పింది.

అయితే నా ప్రశ్న వేరు. ఎప్పుడైనా, ఎక్కడైనా అంటున్నారు కదా, మన రోజులో ఆ 'ఎప్పుడైనా' ఎక్కడుంది?

ముందు ఫోను సంగతి. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికి ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ ఫోను ఇంట్లో ఉండటం వేరు, రాత్రి ఎనిమిది గంటలకు అది మన చేతిలో ఉండటం వేరు. ఆ వేళకు అది పిల్లవాడి హోంవర్కుదో, మొగుడి క్రికెట్టుదో అయి ఉంటుంది.

ఇక గంట సంగతి. ప్రొద్దుటూరులో ఒక బట్టల షోరూములో పనిచేసే అమ్మాయి పొద్దున తొమ్మిదిన్నరకు పోతే రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరుతుంది. అంతసేపూ నిలబడే ఉంటుంది. ఆమెకు వచ్చిన కోర్సు 'పని ఒత్తిడిని తట్టుకోవడం'. ఆదివారం లోపల పూర్తి చేయాలి. ఆమె చెప్తుంటే నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. అంగళ్లలో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కు కావాలని కేరళలో ఆడవాళ్లు పోరాడితే 2018లో చట్టం మార్చారు. తమిళనాడు 2021లో మార్చింది. కుర్చీ వేస్తే తగ్గే ఒత్తిడికి ఇక్కడ వీడియో పంపుతున్నారు.

అదే షోరూములో ఇంకో కోర్సు కూడా చేయించారు. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద. 2013 చట్టం ప్రకారం యజమాని అవగాహన కార్యక్రమాలు పెట్టాలి, పదిమంది, ఆపైన పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ వేయాలి. కోర్సు అయిపోయింది, పది ప్రశ్నలకు జవాబులు నొక్కింది, సర్టిఫికెట్ వచ్చింది. "కమిటీలో ఎవరుండారో మాత్రం ఎవరూ చెప్పలేదక్కా" అంది. పదిమంది ఒక గదిలో కూర్చుని ఉంటే ఎవరో ఒకరు ఆ ప్రశ్న అడిగేవాళ్లు. ఫోనును ఎవరు అడుగుతారు?

మిమ్మల్ని విమర్శించే ముందు నా సంగతీ చెప్పాలి. లాక్‌డౌన్‌లో నేనూ ఒక ఆన్‌లైన్ కోర్సు చేశాను. కెమెరా ఆపేసి, పప్పులో పోపు పెడుతూ విన్నాను. నిజానికి వినలేదు. డాక్టరేటున్న నాకే ఇంటిపని ముందు కోర్సు నిలబడలేదు. అదే కోర్సు మా పురుష సహోద్యోగులు తలుపు వేసుకుని విన్నారు.

అన్నిటికంటే ఎక్కువగా అంగన్‌వాడీల గురించి మాట్లాడాలి. రాష్ట్రంలో 55,607 కేంద్రాలున్నాయి. టీచరు, ఆయా ఇద్దరూ ఆడవాళ్లే. ఐసిడిఎస్ 1975 అక్టోబరు 2న మొదలైనప్పటి నుంచి వాళ్లకిచ్చేదాన్ని జీతం అనలేదు, గౌరవవేతనం అన్నారు. 2021 మార్చిలో 'పోషణ్ ట్రాకర్' వచ్చింది. 2025 జూలై నుంచి ఇంటికి ఇచ్చే సరుకులకు ముఖం ఫోటో తీసి గుర్తించడం తప్పనిసరి చేశారు. యాప్ మారినప్పుడల్లా కొత్త 'శిక్షణ'. ఆ శిక్షణ చాలాసార్లు రాత్రి గ్రూపులో పడే ఒక వీడియో. బిడ్డను తూకం వేయడం, బరువు ఎందుకు పెరగలేదో తల్లితో కూర్చుని మాట్లాడటం – ఇదీ ఆ ఉద్యోగంలో అసలు నైపుణ్యం. గ్రూపులో పడే వీడియో ఏ బటను ఎప్పుడు నొక్కాలో చెప్తుంది. పులివెందుల వైపు ఒక టీచరు, "బిడ్డ ఏడుస్తాంటే ఎత్తుకునేదా, ఫోటో రాలేదని మళ్లీ తీసేదా?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు.

వీళ్లు ఉద్యోగులా కాదా అన్నది ఇంకా తేలలేదు. వాళ్లవి ప్రభుత్వ ఉద్యోగాలు కావని 2006లో సుప్రీంకోర్టు అంది. 2022 ఏప్రిల్‌లో అదే కోర్టు, ఇది పార్ట్‌టైం పని అంటే ఒప్పుకోలేమని చెప్పి వాళ్లకు గ్రాట్యుటీ హక్కు ఉందంది. గౌరవవేతనం పెంచమని, గ్రాట్యుటీ ఇమ్మని 2023 డిసెంబరు 12 నుంచి మన రాష్ట్రంలో 42 రోజులు సమ్మె చేశారు. మధ్యలో, 2024 జనవరి 6న, అత్యవసర సేవలంటూ వాళ్ల మీద ఎస్మా పెట్టారు. జీతం అడిగితే స్వచ్ఛంద సేవకురాలు, సమ్మె చేస్తే అత్యవసర సిబ్బంది, రాత్రి తొమ్మిదికి వీడియో పంపేటప్పుడు మాత్రం ఉద్యోగి.

ఒకప్పుడు వీళ్లకు శిక్షణ కేంద్రాలుండేవి. వారాల తరబడి అక్కడే ఉండి నేర్చుకునేవాళ్లు. ఇల్లు వదిలి అన్ని రోజులు ఉండటం చంటిబిడ్డల తల్లులకు నరకమే. కొందరిని మొగుళ్లు పంపలేదు. అది మరిచిపోకూడదు. కానీ ఆ కేంద్రంలో ఒకరు వండితే ఇంకొకరు తిన్నారు, ఎన్నడూ చూడని మండలాల ఆడవాళ్లు స్నేహితులయ్యారు. తర్వాత సంఘాల్లో ముందు నిలిచినవాళ్లలో అక్కడ కలిసినవాళ్లు ఎందరో. 2017 చివర్లో కేంద్రం ఆ శిక్షణ కేంద్రాలను ఆపేసింది.

మన పక్క జిల్లా నెల్లూరునే చూడండి. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో ఆడవాళ్లు రాత్రిపూట ఒకచోట చేరి చదువుకున్నారు. వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉంది. దూబగుంట ఆడవాళ్లు ఆ పాఠం చదివి ఊరుకోలేదు, సారా అంగడి ముందుకు పోయారు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఆ పాఠాన్ని తలా ఒక ఫోనులో, తలా ఒక వంటింట్లో చూసి, చివర్లో అయిదు ప్రశ్నలకు జవాబులు నొక్కి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

ఇంకొకటి. 'ఇంట్లో కూర్చునే నేర్చుకోవచ్చు' అన్నది సౌకర్యంగా వినబడుతుంది. మా చిన్నమ్మకు గడప దాటడానికి టైపు క్లాసు ఒక సాకు. ఇప్పుడు జమ్మలమడుగులో డిగ్రీ అయిపోయిన పిల్ల కంప్యూటరు కోర్సుకు ప్రొద్దుటూరు పోతానంటే, "ఫోన్లో ఉండాది కదా, యాడికి పోయేది?" అంటున్నారు ఇంట్లో. కోర్సు వచ్చింది, సాకు పోయింది.

కాబట్టి మనం అడగాల్సింది కోర్సులు వద్దని కాదు. ఉద్యోగం కోసం నేర్చుకునే గంట పనిగంటే. అది పని చోట, పని వేళలో, డేటా ఖర్చు యజమాని పెట్టుకుని జరగాలి. జీతంతో కూడిన చదువు సెలవు గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 1974లోనే ఒప్పందం చేసింది. మన దేశం దాని మీద ఇప్పటికీ సంతకం పెట్టలేదు. నేర్చుకున్నదానికి జీతంలోనో, పదోన్నతిలోనో విలువ ఉండాలి. లేకపోతే సర్టిఫికెట్లు బీరువాకే.

జమ్మలమడుగు దగ్గర కొందరు టీచర్లు ఒక పని మొదలుపెట్టారు. నెలకొకసారి సెంటర్లు మూశాక ఎనిమిదిమంది ఒకరి సెంటర్లో కలుస్తారు. సిగ్నల్ బాగా వచ్చే ఫోను కిటికీలో నిలబెట్టి మాడ్యూలు అందరూ కలిసి చూస్తారు, మధ్యలో ఆపి వాదించుకుంటారు. మొన్న నేను పోయిన రోజు పాఠం తల్లిపాల మీద. ఇరవై నిమిషాల వీడియోకు రెండు గంటలు పట్టింది. అందులో సగం సేపు రావాల్సిన టీఏ బిల్లుల లెక్క జరిగింది. చివరికి, ఈ రోజును శిక్షణ దినంగా పరిగణించి ఛార్జీలు ఇవ్వాలని ఒక అర్జీ రాశారు. ఎనిమిది సంతకాలు పెట్టారు. ఆయాలను ఎందుకు పిలవలేదని ఒకామె అడిగింది. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అర్జీ చించేసి మళ్లీ రాశారు, ఆయాల సంతకాలకు కింద చోటు వదిలి.