ఇంజనీరు విద్యయు విశాల ప్రపంచమును



ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతముల యువతీయువకులు ఇంజనీరు విద్య నభ్యసించి దేశదేశములకు పోవుచున్నారు. తాడేపల్లిగూడెమున 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ నెలకొన్నది. అందలి స్థానములలో సగము ఆంధ్ర విద్యార్థులకు, సగము ఇతర రాష్ట్రములవారికి. కావున పరభాషలవారితో కలసి పనిచేయు అభ్యాసము విమానమెక్కిన నాడు గాక, వసతిగృహమున కాలిడిన నాడే మొదలగుచున్నది.

ప్రపంచమున పనిచేయుటకు వలయు యోగ్యత యేది? ఆంగ్లము ధారాళముగ మాటలాడుటయే యని పలువురి తలంపు. అది సగము సత్యము మాత్రమే. గుర్తింపు పొందిన ఇంజనీరు చదువును పరస్పరము సమానముగ నెంచుటకు 1989లో ఆరు దేశముల సంస్థలు వాషింగ్టన్ ఒడంబడిక చేసికొనెను. 2014లో భారతదేశమునకు అందు పూర్తి సభ్యత్వము లభించెను. అయితే ప్రతి కళాశాల పట్టాకును ఈ గౌరవము లేదు. జాతీయ గుర్తింపు మండలి ఆ శ్రేణిలో ఆమోదించిన కోర్సులకే కలదు. పిల్లలను చేర్పించు తలిదండ్రులు ఈ సంగతి ముందే విచారించుకొనవలెను. ఆ ఒడంబడిక కోరు లక్షణములలో గణితముతోపాటు నీతి, పరిసరముల యెడ బాధ్యత, పదుగురితో కలసి పనిచేయుట, విషయమును విశదముగ చెప్పుట కలవు.

వీనిని నేర్పు పాఠశాల ఈ సీమ ముంగిటనే కలదు. అదియే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరుల నీరు అందు చేరును. సముద్రమునకు పోవుటకు ఉప్పుటేరే దారి. చేపలచెరువుల గట్లు నీటినడకకు అడ్డుపడినచో పొలములును పల్లెలును మునుగును. గట్లు తెగగొట్టినచో వానిపై బ్రదుకు కుటుంబముల కూడు పోవును. 2006లో గట్లు కొట్టిన నాడు ఈ రెండు బాధలును ఎదురెదురుగ నిలిచెను. పైగా 2002 నుండి కొల్లేరు రామ్‌సర్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేల. ఇట్టి చిక్కు ఒక్క లెక్కతో తీరునది కాదు.

విద్యార్థి ఉప్పుటేటి వెడల్పును, లోతును, ప్రవాహవేగమును కొలిచి, ఫలితమును రెండు విధముల వ్రాయవలెను. సముద్రమట్టము కంటె పల్లమైన నేలను గట్లతో కాపాడుకొను హాలెండు ఇంజనీరు తప్పు పట్టలేనిది ఒకటి; కొల్లేటి లంకలోని జాలరి విని ఎదురు ప్రశ్న వేయగల తెలుగున ఒకటి. రెండవది వ్రాయలేనివాడు మొదటిదానిని సయితము పూర్తిగ గ్రహింపలేదనియే యెంచవలెను.

ఇందుకు కృష్ణా డెల్టాలోనే నిదర్శనము కలదు. 1902లో కంకిపాడున జన్మించిన డాక్టరు కానూరి లక్ష్మణరావు రంగూనున బోధించిరి. 1939లో బర్మింగ్‌హాము విశ్వవిద్యాలయమున డాక్టరేటు గాంచిరి. కాంక్రీటుపై ఆంగ్లమున గ్రంథము రచించిరి. అట్టివారు రూపకల్పనకు తోడ్పడిన నాగార్జునసాగరము, 1955లో శంకుస్థాపన జరిగి, రాతికట్టడముగ వెలసినది. వేలకొలది కూలీల చేతులకు పని దొరకినది. ప్రపంచమంత చదివినవారు తమ నేలయందలి రాతిని, మనుష్యుని మరువలేదు.

ఈ కార్యమున గ్రంథాలయమునకును భాగము కలదు. కొల్లేటి పటములు, వర్షపాతపు లెక్కలు, నీటిపారుదల నివేదికలు, తెలుగు ఆంగ్ల శాస్త్రగ్రంథములు ఒక బీరువాలో చేరవలెను. సెలవులకు ఇంటికి వచ్చిన విద్యార్థి ఒక సాయంకాలము ఇచట తన పాఠమును గ్రామస్థులకు తెలుగున వినిపింపవలెను. రైతు అడుగు ప్రశ్నకు నిలిచినవాడు ఏ దేశపు సభయందైనను నిలువగలడు. ఇరువదియైదేండ్లు అక్షరజ్యోతిని కాపాడిన ఈ గ్రంథాలయము అట్టి ఇంజనీర్లను లోకమునకు అందించుగాక!