తలసరి యుత్పత్తి: లక్సెంబర్గు, ఐర్లండు
(పఠనమందిరమున మేము చేసిన యుపన్యాసము)



దేశముల సంపదను గూర్చిన పట్టికలు ప్రతివత్సరమును వెలువడుచున్నవి. వానియందు తలసరి యుత్పత్తి యను వరుసను చూచినచో యూరోపియను యూనియనునందు లక్సెంబర్గు, ఐర్లండు అను రెండు చిన్న దేశములు అగ్రస్థానమున నిలిచియున్నవి. ధరల భేదమును సవరించిన పిమ్మటను, 2022లో లక్సెంబర్గు తలసరి యుత్పత్తి యూరోపియను యూనియను సగటునకు ఇంచుమించు రెండున్నర రెట్లు. ఐర్లండుది రెండు రెట్లకు మించినది. ఇది చదివి, ఈ రెండు దేశముల ప్రజలును సమానముగా మహైశ్వర్యవంతులని తలచువారు కలరు. వాపును చూచి బలుపనుకొనుట కూడదు.

తలసరి యనునది భాగహారము. ఒక దేశపు సరిహద్దులలో నొక యేట జరిగిన యుత్పత్తి విలువను అందు నివసించు జనసంఖ్యచే భాగింపవలెను. లక్సెంబర్గున చిక్కు భాజకమునందున్నది. 2022లో ఆ దేశపు జనసంఖ్య ఇంచుమించు ఆరున్నర లక్షలు మాత్రమే. ఫ్రాన్సు, బెల్జియము, జర్మనీలనుండి రెండులక్షలకు పైబడిన యుద్యోగులు అచటి బ్యాంకులకును, కార్యాలయములకును వచ్చి పనిచేసి, తిరిగి తమ యిండ్లకు పోవుచుందురు. జీతగాండ్రలో దాదాపు సగము మంది వీరే. వీరి శ్రమఫలము ఉత్పత్తిలో చేరును. వీరి తలలు మాత్రము లెక్కకు రావు.

ఐర్లండు కథ వేరు. 2015లో ఆ దేశపు ఉత్పత్తి నూటికి 26 వంతులు పెరిగినదని మరుసటి యేట ప్రభుత్వ గణాంకశాఖవారు ప్రకటింపగా లోకము విస్తుపోయెను. ఒక్క యేటిలో అన్ని కర్మాగారములు ఎచట లేచినవి? ఎచటను లేవలేదు. పెద్ద విదేశీ కంపెనీలు తమ పేటెంట్లు మొదలగు హక్కులను, పన్ను తక్కువయని, కాగితములమీద ఐర్లండునకు మార్చుకొన్నవి. ఆ హక్కులతో అన్యదేశములలో తయారైన సరకుల లాభము సయితము ఐర్లండు ఉత్పత్తిగా నమోదయ్యెను. అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞుడు పాల్ క్రుగ్మను దీనిని ఐరిషు జానపదకథలలోని లెప్రికాను పేర పరిహసించెను. ఐరిషువారు దానికి కోపించి యూరకుండలేదు. 2017లో వారి గణాంకశాఖయే ‘సవరించిన జాతీయాదాయము’ అను క్రొత్త కొలతను ప్రకటించెను. దానియందు విదేశీయులకు పోవు లాభములే గాక, ఆ హక్కుల తరుగుదలయు, అద్దెకిచ్చు విమానముల తరుగుదలయు తీసివేయబడును. ఈ కొలతచొప్పున 2022లో ఐర్లండుకు మిగిలినది ఉత్పత్తిలో సగముకంటె కొంచె మెక్కువ మాత్రమే!

దేశమున పండినది వేరు, దేశస్థులకు దక్కినది వేరు అను మాట మనకు క్రొత్త కాదు. దాదాభాయి నౌరోజీగారు భారతీయుని తలసరి రాబడి యేటికి 20 రూపాయలని గణించి, అందులోనుండియు ఆంగ్లదేశమునకు తరలిపోవునదెంతయో చూపిరి. అయినను ఐర్లండును నాటి భారతదేశముతో పోల్చుట అన్యాయము. అచటి కంపెనీలు బలవంతముగా వచ్చినవి కావు. ప్రభుత్వము పిలువగా వచ్చినవి. వానివలన ఖజానాకు పన్నును, జనులకు ఉద్యోగములును లభించుచున్నవి. కాని 2022లో కంపెనీల పన్నులో సగమునకు పైగా పది సంస్థలే చెల్లించినవి. ఆ పదింటిలో రెండు వెడలిపోయినచో ఏమగునో ఐరిషు మంత్రులకు తెలియనిది కాదు.

ఇక ఇంటింటి భోగమును చూతము. జనులు నిజముగా అనుభవించు వస్తువులను, ప్రభుత్వము వారికిచ్చు విద్యావైద్యములను కలిపి లెక్కించు కొలత యొకటి కలదు. దానిచొప్పున 2022లో లక్సెంబర్గువారు యూరోపియను సగటునకు మూడవవంతుకు పైగా మించియున్నారు; ఐరిషువారు ఆ సగటును మించలేదు. కావున లక్సెంబర్గు అంకె పెంచి చెప్పినదైనను నిజమైన సంపదకే పెంపు. ఐర్లండు అంకెలో అధికభాగము ఐరిషువాని గడప తొక్కనేలేదు.

ఇట్లుండియు యూరోపియను యూనియనునకు ఆయా దేశములు చెల్లించు చందాలో ముఖ్యభాగము సాధారణ జాతీయాదాయమును బట్టియే నిర్ణయింపబడుచున్నది. సవరించిన కొలతకు అచట స్థానము లేదు. తనకు దక్కని ఆదాయముపైన గూడ ఐర్లండు చందా కట్టుచున్నది.