మట్టిని ప్రశ్నించిన మన భాగవతుల విశ్వనాథ్
(గుడియాత్తంలో జరిగిన ఉపకారవేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మట్టి శాస్త్రం గురించి మాట్లాడే అర్హత ఇతనికేముందని మీకు అనిపించవచ్చు. కారణం చెబుతాను. ఈ ఏడాది దరఖాస్తులు చూసే పని నాకు అప్పగించారు. మన అమ్మాయి ఒకరికి వ్యవసాయ బి.ఎస్సీ.లో సీటు వచ్చింది. తండ్రిగారు మా ఇంటికి వచ్చి, "సార్, మట్టి పిసుక్కోవడానికి కాలేజీ ఎందుకండీ? ఇంజనీరింగులో చేర్పిస్తే స్కాలర్‌షిప్పు ఇస్తారా?" అని అడిగారు. ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. పిల్ల ఉద్యోగం గురించి ఏ తండ్రికైనా బెంగ ఉంటుంది. కానీ ఆ రోజు నాకు సరైన జవాబు దొరకలేదు. ఈ ప్రసంగమే ఆ జవాబు అనుకోండి.

రావుబహదూర్ భాగవతుల విశ్వనాథ్ గారి పేరు మీలో ఎంతమంది విన్నారు? ఇంటిపేరు చూస్తేనే మనవాడని తెలుస్తుంది. 1920లలో ఆయన మద్రాసు ప్రభుత్వ వ్యవసాయ రసాయన శాస్త్రజ్ఞుడిగా కోయంబత్తూరులో పనిచేశారు. నేడు తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్న చోటే అది.

అక్కడ 1909లో ఒక ప్రయోగం మొదలైంది. అది విశ్వనాథ్ గారు మొదలుపెట్టినది కాదు, ఆయన చేతికి వచ్చినది. ఒకే పొలాన్ని మడులుగా విడదీశారు. ఒక మడికి ఏ ఎరువూ వేయరు. ఒకదానికి నత్రజని మాత్రమే. ఇంకొకదానికి భాస్వరం, మరొకదానికి పొటాష్, కొన్నిటికి రెండు మూడు కలిపి. ఒక మడికి పశువుల ఎరువు. ఏటేటా అదే మడికి అదే ఎరువు వేసి, పంట తూచి, మట్టిని పరీక్షించి రాసుకుంటూ పోవాలి. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో 1843 నుంచి జరుగుతున్న పని కూడా ఇలాంటిదే. కోయంబత్తూరు మడులకు నూరేళ్లు దాటిపోయాయి. మొదలుపెట్టినవాళ్లు ఎవరూ ఇప్పుడు లేరు. లెడ్జరు మాత్రం చేతులు మారుతూ వచ్చింది. బ్యాంకువాణ్ణి కదా, నాకు ఆ సంగతే ముందు కంటికి ఆనింది.

ఎరువు వేస్తే దిగుబడి ఎంత పెరిగిందన్నది అందరూ అడిగే ప్రశ్న. విశ్వనాథ్ గారు ఇంకో రెండు ప్రశ్నలు వేశారు. ఆ గింజ తిన్న ప్రాణికి ఎంత బలం వస్తుంది? ఆ గింజనే మళ్లీ విత్తితే ఎలాంటి పంట వస్తుంది? మొదటి ప్రశ్నకు కూనూరులో పోషకాహార పరిశోధన చేస్తున్న డాక్టర్ రాబర్ట్ మెక్‌కారిసన్ తోడయ్యారు. ఒకే నేలలో వేర్వేరు ఎరువులతో పండిన చిరుధాన్యాన్ని, గోధుమను జంతువులకు పెట్టి చూశారు. పశువుల ఎరువుతో పండిన గింజకే పోషక విలువ ఎక్కువని 1926లో ప్రచురించారు. రెండో ప్రశ్న మీద 1927లో సూర్యనారాయణ గారితో కలిసి రాశారు. అక్కడా పశువుల ఎరువు మడి విత్తనమే మెరుగ్గా కనిపించింది. మెక్‌కారిసన్ గారి కూనూరు ప్రయోగశాలే 1958లో హైదరాబాదుకు వెళ్లి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది.

ఇది విని రసాయన ఎరువులన్నీ విషమని అనుకోకండి. కొందరు ఆ రెండు వ్యాసాలు పట్టుకుని అలాగే ప్రచారం చేశారు, అది నాకు నచ్చదు. ఏ ఎరువూ వేయని మడి ఏమవుతుందో కూడా ఆ ప్రయోగమే చూపించింది. విశ్వనాథ్ గారు తూచి, కొలిచి చెప్పిన మనిషి. 1935లో జాతీయ విజ్ఞాన సంస్థ ఏర్పడినప్పుడు వ్యవస్థాపక సభ్యుల్లో ఒకరు. 1934 బీహారు భూకంపంలో దెబ్బతిన్న పూసా వ్యవసాయ పరిశోధన సంస్థను 1936లో ఢిల్లీకి తరలించారు. ఆ సంస్థకు డైరెక్టరైన తొలి భారతీయుడు ఆయనే.

ఇక మన జిల్లా సంగతి. నేను ఏళ్ల తరబడి పంట రుణాల దరఖాస్తులు రాశాను. పట్టా ఎవరి పేర ఉంది, చిట్టా అడంగల్ తెచ్చారా, ఎన్ని ఎకరాలు, ఏ పంట అన్నీ అడిగేవాళ్లం. మట్టి ఎలా ఉందని ఒక్కనాడూ అడగలేదు. ఫారంలో ఆ గడే లేదు. ఎరువుకని అప్పు తీసుకున్న రైతుకు ఏ ఎరువు అవసరమో నాకూ తెలియదు, చాలాసార్లు ఆయనకూ తెలియదు. పాలారు పక్కన తోళ్ల పరిశ్రమల నీటితో పొలాలు ఉప్పుబారిపోవడం అదే కాలంలో చూశాం. వేలూరు పౌరుల సంఘం వేసిన కేసులో 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. తోళ్ల పరిశ్రమల ప్రాంతంలో సుమారు 35,000 హెక్టార్ల సాగు భూమి కొంతగానో పూర్తిగానో పనికిరాకుండా పోయిందని అందులో ఉంది. ఆ లెక్క తీసింది వ్యవసాయ విశ్వవిద్యాలయపు వేలూరు పరిశోధన కేంద్రం. మట్టి చదువుకున్నవాళ్లు ఆ సర్వే చేయకపోతే, లాయరు ఎంత గొప్పవాడైనా కోర్టులో ఏ అంకె చూపించేవాడు?

పొలమున్న ఇళ్ల పిల్లలకు ఒక పని చెబుతాను. సెలవుల్లో ఎకరాకు పది పదిహేను చోట్ల పైచెత్త తీసేసి, జానెడు కంటే కాస్త తక్కువగా, 15 సెంటీమీటర్ల లోతున, 'వి' ఆకారంలో గుంట తవ్వండి. పక్క అంచు నుంచి పైనుంచి కిందిదాకా పలచగా మట్టి గీకండి. గట్టు పక్కన, చెట్టు కింద, పెంటకుప్ప ఉన్న చోట తీయకండి. అన్నీ కలిపి నీడలో ఆరబెట్టి, అరకిలో సంచిలో వేసి, పేరు, సర్వే నంబరు రాయండి. విరింజిపురంలోని వ్యవసాయ విజ్ఞాన కేంద్రంలో విచారిస్తే పరీక్షకు ఎక్కడ ఇవ్వాలో చెబుతారు. ఎరువు కొనడానికి ముందే చేయించాలి సుమా, కొన్నాక కాదు.

ఆ అమ్మాయి తండ్రిగారు ఇంకా ఏమీ తేల్చలేదు. మా కమిటీ మాత్రం ఆమె ఉపకారవేతనాన్ని వ్యవసాయ కోర్సుకే మంజూరు చేసింది. సెలవు.