ఆఫీసు వైఫైకీ తాళం కావాలి
(నరసరావుపేటలో మండల కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మిరప ధర గురించి మాట్లాడుకోవాల్సిన చోట ఈ వైఫై గొడవేమిటని కొందరు అనుకోవచ్చు. కారణం ఉంది. మన పల్నాడులో కౌళ్లు చాలావరకు నోటిమాట మీదే నడుస్తున్నాయి. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కింద కార్డు రావాలంటే భూయజమాని సంతకం కావాలి. సంతకం అడిగితే మరుసటేడు పొలం ఇవ్వరని కౌలురైతుల భయం. అలాంటి వారు మనల్ని నమ్మి పేరు, సర్వే నంబరు, ఎకరాకు ఎంత కౌలు కడుతున్నదీ చెప్పారు. ఆ జాబితా మన ఆఫీసు కంప్యూటర్లో ఉంది. అది యజమానుల కంటపడితే పోయేది పొలం.

ఆ మధ్య ఒక మండల ఆఫీసులో టీ తాగుతూ కూర్చున్న కుర్రాడు తన ఫోన్లో ఆ జాబితా తెరిచి మాకే చూపించాడు. మనవాడే కాబట్టి సరిపోయింది. వైఫై పాస్‌వర్డ్ గోడకు అంటించింది మనమే. ప్రింటు తేలికని ఫోల్డరును నెట్‌వర్క్‌లో అందరికీ తెరిచిపెట్టిందీ మనమే. ఇంకొకరిని అనడానికేముంది?

ఇంటికి వసారా వేరు, లోపలి గది వేరు. వైఫై కూడా అంతే. ఇప్పటి రౌటర్లు చాలావాటిలో 'గెస్ట్' అని రెండో నెట్‌వర్క్ పెట్టుకోవచ్చు. ఈ-పంట నమోదు చూసుకోవడానికి వచ్చే రైతులకు అది ఇవ్వండి. వారికి ఇంటర్నెట్ వస్తుంది, మన కంప్యూటర్ కనపడదు. కంప్యూటర్, ప్రింటర్ లోపలి నెట్‌వర్క్‌లోనే ఉండాలి.

లోపలి నెట్‌వర్క్‌కు డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ ఎంచుకోండి. పాత డబ్ల్యూఈపీ తాళం 2001లోనే విరిగిపోయింది. పాస్‌వర్డ్ ఫోన్ నంబరు కాకూడదు, సంఘం పేరూ కాకూడదు. పొంతనలేని నాలుగు మాటలు కలపండి. రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లే పాస్‌వర్డ్ వేరే ఉంటుంది. చాలాచోట్ల అది కొన్ననాటి 'అడ్మిన్'గానే ఉంది. ముందు దాన్ని మార్చండి.

సిగ్నల్ అందడం లేదని మాచర్ల వైపు మిత్రులు అంటున్నారు. మందపాటి రాతిగోడ దాటడం 5 గిగాహెర్ట్జ్‌కు కష్టం, 2.4 కొంత నయం. ఇనప బీరువా వెనక పెట్టిన రౌటరును గది మధ్యకు, ఎత్తుకు మార్చండి. వీధి చివరిదాకా అందాలని మాత్రం చూడొద్దు.

గెస్ట్ సౌకర్యం లేని పాత రౌటరైతే, కొత్తది వచ్చేదాకా జాబితాను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, కంప్యూటర్లోంచి తీసేసి, బీరువాలో పెట్టి తాళం వేయండి. ఆ గోడ మీది కాగితం మాత్రం ఇవాళే చించేయాలి.