పోటు వేళ
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



సూరతు అనగానే మనకు జరీచీరలును, వజ్రపు సానలును జ్ఞప్తికి వచ్చును. తెలంగాణమునుండి వెళ్లి అచట మగ్గములపై జీవించుచున్న మన పద్మశాలి కుటుంబములు కూడ అనేకము కలవు. ఆ నగరమునకు నైరుతి దిక్కున, తాపీనది సముద్రమును గలియు తావున, నల్లని యిసుకతీరము గల డుమస్ గ్రామమున్నది. ముల్తాయి వద్ద పుట్టి 724 కిలోమీటర్లు ప్రవహించిన నది అచట ఖంభాత్ సింధుశాఖలో విశ్రమించును. ఆ ముఖద్వారమున ఒక పగలంతయు తెరచాప పడవపై గడపు భాగ్యము నాకు కలిగినది. ఆనాడు తెలిసికొన్న సంగతి మనవి చేసెదను.

ఖంభాత్ సింధుశాఖ గరాటువలె ఉత్తరమునకు పోనుపోను ఇరుకగును, లోతును స్వల్పము. అందుచేత లోనికి వచ్చిన పోటు ఎటును పోలేక పైకి లేచును. మన కాకినాడ వద్ద ఆటుపోట్ల తేడా రెండు మీటర్లకు లోపే. భావనగరు వద్ద అది పది మీటర్లు మించును. డుమస్ వద్ద అంత లేకున్నను, ఉదయము పడవ తేలిన చోట మధ్యాహ్నము బురదయే మిగులును.

మా పడవ నాయకుడు వృద్ధుడగు తండేలు. వేరావలు రేవునకు వలసపోవు మన శ్రీకాకుళపు మత్స్యకారులును పడవ పెద్దను ఆ పేరుతోనే పిలుతురు. ప్రయాణమునకు అష్టమిని అతడే నిర్ణయించెను. అమావాస్యకు, పున్నమికి పోటు ఉద్ధృతము, అష్టమికి మందము. పైగా అష్టమినాడు అచట ఉదయమున నీరు నిండియుండి, అపరాహ్ణమునకు తీయును. నిండు నీటిలో మగ్దల్లా వద్ద బయలుదేరి, ఆటుతో దిగువకు జారితిమి. కుడివైపున హజీరా కర్మాగారముల పొగగొట్టములు, ఎడమవైపున డుమస్ సరుగుడు తోపులు. నీరు తీసినకొలది తిన్నెలు బయటపడగా, కొంగలు వచ్చి వాలినవి. లంగరు వేసి భోజనము చేయుచుండగా మాలో ఒకరు మరికొంతసేపు ఉందమనిరి. తండేలు అంగీకరింపలేదు. పోటు తొలి అల కదలగనే, సముద్రపు గాలి చాపను నింపగనే లంగరెత్తెను. మన కచేరీలలో దస్త్రమునకు గడువు పొడిగింపు కలదు, పోటునకు లేదు. అది నేడు వచ్చిన వేళకు రేపు రాదు, సుమారు యాబది నిమిషములు ఆలస్యముగా వచ్చును. కాని తన వేళ తప్పదు.

ఈ జ్ఞానము క్రొత్తది కాదు. మొదటి శతాబ్దమునాటి పెరిప్లస్ అను గ్రీకు నావికగ్రంథము, ఇదే సింధుశాఖలో నర్మదా ముఖమున పోటు భయంకరమనియు, రాజోద్యోగులగు జాలరులు ఎదురేగి పరదేశి ఓడలను భరుకచ్ఛమునకు నడిపెడివారనియు తెలుపుచున్నది. తాపీముఖమున ఇసుకతిప్పలుండుటచే పెద్ద ఓడలు సూరతు చేరలేక, ఉత్తరమున సువాలీ వద్ద నిలిచెడివి. అచటనే 1612లో ఆంగ్లేయులకు, పోర్చుగీసువారికి నౌకాయుద్ధము జరిగినది. అంతకు పూర్వము 1611లో ఆ కంపెనీవారే మన మచిలీపట్నమునకు వచ్చియుండిరి; అచట కూడ తీరపు నీరు లోతు చాలక ఓడలు దూరమున నిలువగా, సరకు చిన్న పడవలపై ఒడ్డు చేరెడిది. సామ్రాజ్యము నిర్మించినవారు సైతము తిప్పను, పోటును శాసింపలేకపోయిరి.

పోటును గమనించుట వినోదయాత్రికులకు మాత్రమే అవసరమని తలపరాదు. 1972లో పూర్తియైన ఉకాయి ఆనకట్టనుండి 2006 ఆగస్టులో సుమారు 9 లక్షల క్యూసెక్కుల వరకు నీరు విడువవలసి వచ్చినది. ఆగస్టు 9 శ్రావణ పూర్ణిమ. వరద దిగువకు పరుగెత్తు దినములలోనే పున్నమి పోటు ఎదురు నిలిచినది. సముద్రము ద్వారము మూయగా నదికి నగరమే దారియైనది. సూరతులో అధికభాగము నీట మునిగెను. ఆనాడు అనేకుల మగ్గములు, బియ్యపు కుండలు, పిల్లల పుస్తకములు బురద పాలైనవి.

ఎంత నీరు వచ్చునను ప్రశ్నకు మన పట్టికలలో సమాధానముండును. అది ఏ తిథినాడు, ఏ వేళకు సముద్రము చేరునను ప్రశ్నయు దానితో సమానమైనది. నదీముఖమున ఇల్లు కట్టువారును, తలుపు లెత్తు ఉత్తర్వు వ్రాయువారును పంచాంగమును, పోటుల పట్టికను ప్రక్కన నుంచుకొనుట మంచిది. ఆ తండేలు రెండింటిని కంఠస్థము చేసియుండెను.